నాలుగు గంటల లెక్క

"వారానికి ఆరు రోజులా? ఇంట్లో చెప్పావా అన్నా?"

పొద్దున కేబీఆర్ పార్కు బయట ఇడ్లీ తింటూ నా ఫోన్‌లోకి తొంగి చూసి తమ్ముడు అన్న మాట. తెరిచి ఉన్నది హాన్సన్స్ ప్లాన్, అంటే మారథాన్ (42 కిలోమీటర్ల పరుగు) కోసం వారానికి ఆరు రోజులు పరిగెత్తించే ట్రైనింగ్ ప్లాన్.

అందులో నాకు నచ్చింది ఒకటే, అతి పొడవైన పరుగు 26 కిలోమీటర్లు దాటదు. హాల్ హిగ్డన్ అనే కోచ్ కొత్తవాళ్ల కోసం రాసిన నోవీస్ 1 ప్లాన్‌లో అది 32 దాకా వెళ్తుంది, కానీ పరిగెత్తేది నాలుగు రోజులే. ఒకదాంట్లో వీకెండ్ పోతుంది, ఇంకోదాంట్లో వారమంతా పోతుంది.

నాకు కావాల్సింది ముంబై మారథాన్‌ని నాలుగు గంటల్లో పూర్తి చేయడం. అంటే కిలోమీటరుకి 5 నిమిషాల 41 సెకన్లు. కాగితం మీద ఏముందిలే అనిపిస్తుంది. కాళ్లు లాగేసే టైముకి దారిలో పెద్దర్ రోడ్ ఎత్తు ఎక్కాలి, అదీ టెన్షన్.

రేసు జరిగే జనవరి మూడో ఆదివారం నుంచి ప్లాన్‌కి పట్టే 18 వారాలు వెనక్కి లెక్కేస్తే సెప్టెంబర్. మధ్యలో బతుకమ్మ, దసరా, దీపావళి, అత్తగారింటి భోజనాలు. ఈ ప్లాన్లు రాసినవాళ్లకి అరిసెల సంగతి తెలిసి ఉండదు!

ఆరు రోజులు నావల్ల కాదు. హిగ్డన్‌కే ఫిక్స్ అయ్యా. వారం మధ్యలో ఒక పరుగు మాత్రం 5:41 పేస్‌లో పెడతా. నోవీస్ 1లో అది లేదు, నాకు మాత్రం అది లేకపోతే ధైర్యం రాదు.

డిసెంబర్ చివర్లో ఆ 32కి ఎవరైనా తోడొస్తారా? గచ్చిబౌలి వైపు వాళ్లయితే మరీ మంచిది.