సర్వే ఆఫీసుకి ఇండెమ్నిటీ పాలసీ: నా అనుభవం

మాది విజయవాడలో చిన్న ప్రైవేటు సర్వే ఆఫీసు. లేఅవుట్లలో ప్లాట్లకు రాళ్లు వేయించడం, రోడ్లకీ కాలువలకీ టోపో సర్వే (స్థలం మ్యాపు గీయడం), లెవెల్స్ (నేల ఎత్తుపల్లాలు) తీయడం, అపార్ట్‌మెంట్లకు పిల్లర్ మార్కింగ్, ఇవీ మా పనులు. ఫీల్డు మా తమ్ముడు చూసుకుంటాడు, కాగితాలు నావి. కొలతలు తీసే టోటల్ స్టేషన్ మిషన్‌కి ఇన్సూరెన్స్ ఉంది, బొలేరోకి ఉంది. మేమిచ్చిన కొలత తప్పని ఎవరైనా కేసు వేస్తే దానికి మాత్రం ఏమీ లేదు. ఒక కన్సల్టెన్సీ వాళ్ల వర్క్ ఆర్డర్‌లో "కోటి రూపాయలకు తగ్గకుండా ప్రొఫెషనల్ ఇండెమ్నిటీ పాలసీ ఉండాలి" అని కనిపించింది. వృత్తిలో మన పొరపాటు వల్ల నష్టపోయామని ఎవరైనా క్లెయిమ్ వేస్తే ఆదుకునే పాలసీ అది. అప్పట్నుంచి ఆ వేటలో పడ్డాను.

మొదట మా బండి ఇన్సూరెన్స్ చేసే ఏజెంటునే అడిగాను. సాయంత్రానికల్లా కొటేషన్ పంపాడు, రేటు కూడా తక్కువే. తీరా చూస్తే వృత్తి అన్నచోట 'ఇన్సూరెన్స్ సర్వేయర్, లాస్ అసెసర్' అని ఉంది. కారు గుద్దుకుంటే నష్టం లెక్కగట్టడానికి ఐఆర్‌డీఏఐ (ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ) లైసెన్సుతో వస్తారే, వాళ్లకిచ్చే పాలసీ అది. రేపు ఏ ప్లాటు హద్దు మీదో నోటీసు వస్తే, మీరు చేసే పని ఈ పాలసీలో లేదని ఒక్క మాటతో తేల్చేస్తారు. దాన్ని పక్కనపెట్టి బ్రోకర్ దగ్గరికి వెళ్లాను. ఏజెంటు కంపెనీ తరఫు మనిషి. బ్రోకర్ మన తరఫున నాలుగు కంపెనీల్లో అడిగి తెస్తారు, వాళ్ల కమిషన్ కంపెనీయే ఇస్తుంది.

ప్రపోజల్ ఫారం బాగా పెద్దది. ఏటా వచ్చే బిల్లులు, అందులో ఏ పని వాటా ఎంత, స్టాఫ్ చదువులు, అన్నిటికన్నా పెద్ద ప్రాజెక్టు విలువ, అన్నీ అడుగుతారు. చివర్లో, మీ మీద క్లెయిమ్ రావడానికి దారితీసే విషయం ఏదైనా మీకు తెలుసా అని ఒక ప్రశ్న ఉంటుంది. ఒక కాలువ పనిలో మా లెవెల్స్‌కీ కాంట్రాక్టరు తీసిన లెవెల్స్‌కీ తేడా ఉందని మాకు ఒక ఉత్తరం వచ్చి ఉంది. మా బెంచ్‌మార్క్ (ఎత్తులు కొలవడానికి ఆధారంగా తీసుకునే పాయింటు) సరైనదేనని జవాబిచ్చాం, వాళ్లు మళ్లీ మాట్లాడలేదు. అది కూడా రాయాలా అని బ్రోకర్ మేడమ్‌ని అడిగాను. "రాయండి సార్. ఇప్పుడు రాస్తే ఆ ఒక్క పనినే వదిలేస్తారు. దాచిపెడితే రేపు పాలసీ మొత్తానికే ఎసరు" అన్నారు. రాశాను. ఆవిడన్నట్టే ఆ కాలువ పనిని మాత్రం మినహాయించారు.

ఇక అసలు విషయం తేదీలది. బండి పాలసీలో యాక్సిడెంటు జరిగిన రోజు పాలసీ ఉంటే చాలు. ఇక్కడ అలా కాదు, మన మీద క్లెయిమ్ వచ్చిన రోజు పాలసీ నడుస్తూ ఉండాలి. పైగా ఆ పని రెట్రోయాక్టివ్ డేట్ అని పాలసీలో వేసే తేదీ తర్వాత చేసిందై ఉండాలి. మా పనిలో గొడవ అప్పటికప్పుడు బయటపడదు. ఇవాళ రాయి వేయిస్తాం. కొన్నాయన నాలుగైదేళ్లకు ప్రహరీ మొదలుపెడతాడు, అప్పుడు పక్కాయన టేపు పట్టుకొస్తాడు. చాలా పాత ఎఫ్‌ఎంబీల్లో (రెవెన్యూ వాళ్ల భూమి కొలతల పుస్తకాల్లో) కొలతలు లింకుల్లో ఉంటాయి, లింకంటే 7.92 అంగుళాలు. ఆ కాగితాన్ని బట్టి ఇవాళ జీపీఎస్ రోవర్‌తో వేయించిన రాయి ఒక అడుగు ఇటు జరిగిందా, పాత కొలతలోనే తేడా ఉందా అన్నది తేలేసరికి పుణ్యకాలం గడిచిపోతుంది. అప్పటికి పాలసీ లేకపోతే, పని చేసిననాడు ఉన్నా ఉపయోగం లేదు.

చివరికి రెండు కొటేషన్లు మిగిలాయి. చవకదానిలో రెట్రో డేట్, పాలసీ మొదలయ్యే తేదీ ఒకటే. అంటే ఇప్పటిదాకా చేసిన పనులన్నీ బయటే. రెండోదాంట్లో మూడేళ్లు వెనక్కి ఇచ్చారు, దానికి ప్రీమియం ఎక్కువ. "కాగితం చూపించడానికే కదా అన్నయ్యా, చవకదే తీసుకుందాం" అన్నాడు తమ్ముడు. కాగితం కోసమే అయితే అదీ సరిపోతుందనే మొదట అనిపించింది. కానీ మేం చేసిన పెద్ద లేఅవుట్లన్నీ ఆ మూడేళ్లలోనే ఉన్నాయి. రెండోదే తీసుకున్నాను. మధ్యలో ఒక్కసారి రెన్యువల్ తప్పినా ఆ పాత తేదీ పోతుంది కాబట్టి ఆ గడువు ఇద్దరి ఫోన్లలోనూ పెట్టాం.

కోటి అన్నా అన్నీ ఒకే కోటి కాదు. చవకదానిలో ఏడాది మొత్తానికి కోటి, ఒక్కో క్లెయిమ్‌కి మాత్రం పాతిక లక్షలే. మా క్లయింటు అడిగింది ఒక్కో క్లెయిమ్‌కి కోటి, రెండోదాంట్లో అలాగే ఉంది. లాయరు ఖర్చులు కూడా ఆ కోటిలోంచే పోతాయి. ప్రతి క్లెయిమ్‌లో ముందు మనం పెట్టుకోవాల్సిన ఎక్సెస్ కొంచెం పెంచుకుని ప్రీమియం తగ్గించుకున్నాను. చిన్నచిన్నవాటికి టీమ్‌ని మళ్లీ పంపి కొలిపిస్తాం, ఆ ఖర్చు ఎలాగూ పాలసీ ఇవ్వదు.

మినహాయింపులు చదువుతుంటే వర్క్ ఆర్డర్ మీద అనుమానం వచ్చింది. అందులో ఆలస్యానికి పెనాల్టీ, ఏ నష్టం వచ్చినా మొత్తం మేమే భరించాలన్న షరతు ఉన్నాయి. పాలసీ ఇచ్చేది మన నిర్లక్ష్యం వల్ల చట్టప్రకారం పడే బాధ్యతకే. పెనాల్టీలకీ, కాగితం మీద మనం అదనంగా ఒప్పుకున్నవాటికీ ఇవ్వదు. ఆ షరతుని 'మా నిర్లక్ష్యం వల్ల కలిగిన నష్టం' వరకే అని మార్పించాను. డ్రోన్ ఎవరి మీదైనా పడితే దీనిలోకి రాదు. డ్రోన్ రూల్స్ 2021 ప్రకారం నానో అనే అతి చిన్న డ్రోన్లు తప్ప మిగతావాటికి థర్డ్ పార్టీ పాలసీ వేరేగా ఉండాలి, అదీ తీసుకున్నాం.

ప్రీమియం మీద 18 శాతం జీఎస్టీ, అది ఇన్‌పుట్ క్రెడిట్‌గా మేం కట్టాల్సిన జీఎస్టీలో తగ్గుతుంది. డబ్బు కంపెనీకి చేరాకే కవర్ మొదలవుతుంది, అది చట్టంలోనే ఉంది. పాలసీ మెయిల్‌లో వచ్చాక షెడ్యూల్ చూస్తే రెట్రో డేట్ దగ్గర మళ్లీ పాలసీ మొదలయ్యే తేదీనే కొట్టారు! దాన్ని సరిచేసిన ఎండార్స్‌మెంట్ (పాలసీకి దిద్దుబాటు కాగితం) చేతికొచ్చాకే క్లయింటుకి కాపీ పంపాను.

ఇప్పుడు ప్రతి పనికీ ఇన్‌స్ట్రుమెంట్ రా డేటా, బెంచ్‌మార్క్ ఫొటో, హద్దులు చూపించినవాళ్ల సంతకం ఒక ఫోల్డర్‌లో పెడుతున్నాం. నోటీసు లాంటిది ఏదొచ్చినా అదేరోజు బ్రోకర్‌కి వెళ్లాలి. కంపెనీని అడక్కుండా మనం తప్పు ఒప్పుకోకూడదని కూడా పాలసీలో షరతుంది. అందుకని సైటు వాట్సాప్ గ్రూపులో "మాదే పొరపాటు సార్" లాంటి మెసేజ్‌లు పెట్టొద్దని తమ్ముడికి చెప్పాను.

"మరి మేస్త్రి ఫోన్ చేసి రాయి తేడాగా ఉందంటే ఏం చెప్పమంటావు?"

"వచ్చి కొలిచి చెప్తామను."