పల్లావరం రాయిని పగలగొట్టడం: నీటిలో విద్యుత్ ప్రయోగం, ఈ నెల పురోగతి

ఇంతవరకు నీటిలో స్పార్క్ పుట్టించి, దాని ఆఘాత తరంగంతో (షాక్ వేవ్) రాతిని పగలగొడుతూ వచ్చాము. ఈ నెల నుంచి విద్యుత్తును రాతి గుండానే పంపుతున్నాము. మొదటిది సోవియట్ ఇంజనీరు లెవ్ యుట్కిన్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి. రాయి ముక్కలవుతుంది గాని, మాకు చెదరకుండా కావలసిన ఖనిజ రేణువులు కూడా నలిగిపోతాయి. వోల్టేజి సుమారు 500 నానోసెకన్ల లోపే శిఖరానికి చేరితే రాతికంటే నీరే ఎక్కువ తట్టుకుంటుంది కనుక, విద్యుత్తు రాతిలోనే దారి చేసుకుని, దానిని లోపలినుంచి చీలుస్తుంది. రాయి నొక్కుడును తట్టుకున్నంతగా లాగుడును తట్టుకోలేదు కాబట్టి తక్కువ శక్తే సరిపోతుంది.

మా రాయి చార్నొకైట్ అనే గట్టి, ముదురు రంగు రాయి. కలకత్తాలోని ఈస్టిండియా కంపెనీ అధికారి జాబ్ చార్నాక్ సమాధి రాతిని చూసి భూగర్భ శాస్త్రవేత్త థామస్ హాలండ్ 1893లో పెట్టిన పేరది. ఆ రాయి చెన్నై శివారులోని పల్లావరం ప్రాంతానిదేనని చెబుతారు. రాళ్లు కోసే షెడ్డులో మిగిలిన ముక్కలనే అడిగి తెచ్చుకుంటున్నాము.

పరికరం ఐదు అంచెల మార్క్స్ జనరేటర్: కెపాసిటర్లను విడివిడిగా ఛార్జ్ చేసి, ఒక్కసారిగా వరుసలో కలిపి పెద్ద వోల్టేజి ఇచ్చేది. ఒక్కో అంచెలో 0.05 మైక్రోఫారడ్ కెపాసిటర్ 20 కిలోవోల్టులకు ఛార్జ్ అవుతుంది. అన్నీ కలిసి 100 కిలోవోల్టులు, 50 జౌళ్లు. ఇది ప్రాణాంతకమైన శక్తి గనుక కళాశాల హై వోల్టేజ్ ల్యాబ్‌లో, అధ్యాపకుల సమక్షంలో మాత్రమే నడుపుతాము. ఒకసారి ఖాళీ చేసిన కెపాసిటర్‌లో కూడా కాసేపటికి వోల్టేజి తిరిగి తలెత్తుతుంది కాబట్టి, చేయి పెట్టినంతసేపూ మిగిలిన విద్యుత్తును భూమిలోకి పంపే ఎర్తింగ్ కర్ర తగిలించే ఉంచుతాము.

అన్నిటికంటే ఎక్కువ శ్రమ నీటితోనే. చెన్నై బోరు నీటిలో లవణాలు ఎక్కువ. పల్స్ (క్షణకాలపు విద్యుత్ తాకిడి) రాతిని చేరకముందే నీటిలో కారిపోతుంది. బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ వాటర్‌తో ఫలితం వెంటనే మారింది. అయితే రాతిపొడి కలిసేకొద్దీ నీటి వాహకత పెరుగుతుంది కనుక మీటరు చూసుకుంటూ నీరు మారుస్తున్నాము.

6 మిల్లీమీటర్ల పలక నుంచి రాలిన ముక్కలను భూతద్దంతో చూస్తే, పగులు నీలిఛాయ క్వార్ట్జ్ రేణువులను కోయకుండా, వాటి అంచు వెంబడే మలుపులు తిరిగి నల్లటి పైరాక్సీన్ ఖనిజం దగ్గర విడిపోయింది. సుత్తి దెబ్బకు ఇంత శుభ్రంగా రేణువు ఊడిరావడం నేను చూడలేదు. విడిపోయిన రేణువులు మళ్లీ పల్స్ కింద పడి నలగకుండా, తరువాతి విడతలో కింది ఎలక్ట్రోడ్‌గా స్టీల్ జల్లెడనే అమర్చి, 2 మిల్లీమీటర్లకంటే చిన్నవి కిందికి జారిపోయేలా చేస్తాము.