అరవై నాలుగో నమస్కారం దగ్గర

జూన్ 21న తిరుపతి పక్కన చంద్రగిరి దగ్గర మామిడితోటలో ఆడవాళ్ల యోగా శిబిరం. పొద్దున్నే 108 సూర్యనమస్కారాలు. అరవై నాలుగో దాని దగ్గర నాకు కళ్లు చీకట్లు కమ్మాయి. వడదెబ్బ అన్నారు అందరూ. నిజానికి అది దాని ముందు మెట్టు. ఒళ్లు చెమటలు కారుతూ, తల తిరుగుతూ, కడుపులో తిప్పుతూ ఉంటే ఇంకా మన చేతిలో ఉన్నట్టే. మాట తడబడి, మనిషిని గుర్తుపట్టక, ఒంటి వేడి 40 డిగ్రీల సెల్సియస్‌కు ఎక్కితే అది వడదెబ్బ. అప్పుడు ఆలోచించకుండా 108కి ఫోన్ చేయాలి. ఆ నంబరు కూడా 108 కావడం చూడండి!

ఎందుకు పడిపోయానో తర్వాత లెక్క వేసుకుంటే తెలిసింది. ఒక్కో నమస్కారంలో పన్నెండు స్థితులు. పదో స్థితి వరకు సజావుగానే పోతాయి. తంటా అంతా హస్తపాదాసనం (ముందుకు వంగి చేతులు పాదాల దగ్గర ఆనించడం) నుంచి హస్త ఉత్తానాసనానికి (చేతులు పైకెత్తి వెనక్కి వంగడం) లేచే ఆ ఒక్క క్షణంలోనే. కాళ్లలోకి దిగిన రక్తం తలకు అందేలోపు మనం వెనక్కి వంగేస్తాం. ఒంట్లో నీరు తగ్గి ఉంటే బీపీ అక్కడే పడిపోతుంది. నాకు ముందు పిక్క పట్టేసింది. అప్పుడే ఆగాల్సింది.

ముందు రోజు రాత్రి పళ్లు మాత్రమే పెట్టారు. పొద్దున ఖాళీ కడుపుతో రెండు లీటర్ల ఒట్టి నీళ్లు తాగాను. చెమటతో ఉప్పు పోతుంటే ఒట్టి నీళ్లే పోస్తూ పోతే మిగిలిన ఉప్పు కూడా పలచబడుతుంది. ఆసుపత్రిలో రక్తం పరీక్ష చేస్తే సోడియం, అంటే ఒంట్లోని ఉప్పు, 131 వచ్చింది, 135కి తగ్గకూడదు. జాకెట్టు మీద చెమట ఆరిన చోట తెల్లటి చారలు కనిపిస్తే, ఆ ఉప్పంతా మన ఒంట్లోంచి పోయిందే.

పైగా రేకుల షెడ్డు. ఉత్తరం వైపు నీడ ఉంటుందని చాప అటు వేసుకున్నాను. జూన్ 21న ఆ లెక్క తప్పు. తిరుపతి 13.6 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది, ఆ రోజు సూర్యుడు మనకు ఉత్తరాన 23.4 డిగ్రీల అక్షాంశానికి నడినెత్తిన ఉంటాడు. ఈశాన్యంలో లేచి, మిట్టమధ్యాహ్నం కూడా నడినెత్తికి పది డిగ్రీలు ఉత్తరంగానే ఉంటాడు. నీడ దక్షిణానికి పడుతుంది. చాప దక్షిణం గోడ వైపే వేసుకోవాలి.

నేను పడిపోగానే పడుకోబెట్టి, చుట్టిన చాపలు రెండు కాళ్ల కింద పెట్టారు. మెడకు, చంకలకు, గజ్జలకు తడి తువ్వాళ్లు, పక్కన ఫ్యాను. అంతవరకు బాగా చేశారు. ఒకామె మాత్రం ఓఆర్ఎస్ ప్యాకెట్టు మొత్తం ఒక గ్లాసులో కలిపేసింది. పెద్ద ప్యాకెట్టుకు లీటరు నీళ్లు పోయాల్సిందే. చిక్కగా తాగితే వాంతులు, విరేచనాలు ఎక్కువవుతాయి. ప్యాకెట్టు దొరక్కపోతే లీటరు నీళ్లలో ఆరు టీ స్పూన్ల చక్కెర, అర టీ స్పూను ఉప్పు, రెండూ తలకొట్టి. గటగటా తాగకుండా రెండు నిమిషాలకో గుక్క. వంటమనిషి మాత్రం, "రొంత ఉప్పేసిన మజ్జిగ తాగు మ్మే, అన్నీ సర్దుకుంటాయి" అంది. వాంతి ఆగాక ఆమె మాటే పనిచేసింది. బీపీ, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం డాక్టరు చెప్పందే ఉప్పు జోలికి పోకూడదు.

ఒక సెలైను ఎక్కించి సాయంత్రానికి ఇంటికి పంపారు. తలనొప్పి మాత్రం మూడు రోజులు వదల్లేదు. ఐదో రోజు బాగానే ఉంది కదా అని ఇరవై నాలుగు నమస్కారాలు చేస్తే మళ్లీ మొదటికొచ్చింది. బాగున్నట్టు అనిపించడం వేరు, బాగవడం వేరు. కొలత ఇదీ: పొద్దున పడుకుని ఉన్నప్పుడు నాడి నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటుందో లెక్కపెట్టాలి, లేచి నిలబడి నిమిషం తర్వాత మళ్లీ లెక్కపెట్టాలి. తేడా 30 దాటితే ఆ రోజు చాప పరవకూడదు. మూత్రం లేత నిమ్మరంగులో ఉంటే నీళ్లు చాలినట్టు, ముదురు పసుపైతే చాలనట్టు.

వారం పాటు శవాసనం, నాడీశోధన (ఒక్కో ముక్కుతో మార్చి మార్చి ఊపిరి తీయడం), సాయంత్రం నడక, పొద్దున ఉప్పేసిన రాగంబలి. తర్వాత రోజుకు మూడు నమస్కారాలు. నాలుగు రోజులాగి ఆరు, ఇప్పుడు పన్నెండు. లేచేటప్పుడు అర్ధ ఉత్తానాసనంలో (వెన్ను చాపి సగం లేచిన స్థితిలో) రెండు శ్వాసలు ఆగి, వెనక్కి వంగడం మానేశాను. 108 చేయాలనుకునేవాళ్లు తెల్లారకముందే, 5 గంటలకే మొదలుపెట్టండి. ఇరవై ఏడుకొకసారి ఆగి ఒక గ్లాసు ఉప్పు మజ్జిగ తాగండి.