కాటా దగ్గర మాయమయ్యే ప్రోగ్రామ్

మా ఊళ్ళో ఒక హోల్‌సేల్ కిరాణా కొట్టుకు బిల్లింగ్ ప్రోగ్రామ్ ఉంది. పైథాన్ భాషలో, స్క్రీన్ మీది విండోలు, బటన్లు తయారుచేసే పైక్యూటీ లైబ్రరీతో ఎవరో రాసిచ్చి వెళ్ళిపోయారు. గిరాకీ బాగా ఉన్న టైంలో అది చడీచప్పుడు లేకుండా మాయమైపోతోందని నన్ను పిలిచారు. కొట్టులోది 4 జీబీ ర్యామ్ ఉన్న పాత కంప్యూటర్, ఐడీఈ (కోడ్ రాసి, తప్పులు వెతికే పెద్ద సాఫ్ట్‌వేర్) పెట్టే మాటే లేదు. నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్, కమాండ్ ప్రాంప్ట్‌తోనే పని. ఐడీఈ ఉన్న నా ల్యాప్‌టాప్‌లో అయితే అది ఒక్కసారి కూడా పడిపోలేదు!

కోడ్ నిండా, ఏం జరుగుతోందో కన్సోల్‌లో (అక్షరాలు కనిపించే నల్ల విండోలో) చూపించే ప్రింట్‌లే. పైథాన్ కోడ్‌ను విండోస్ ప్రోగ్రామ్‌గా మార్చే పైఇన్‌స్టాలర్‌తో కన్సోల్ లేకుండా కట్టిన ఈఎక్స్ఈలో అవన్నీ గాలికే పోతాయి. వాటి బదులు, జరిగినవి ఒక ఫైల్‌లో (లాగ్‌లో) రాసిపెట్టే లాగింగ్ మాడ్యూల్ పెట్టాను. ఫైల్ 1 ఎంబీ దాటితే కొత్తది మొదలయ్యేలా రొటేటింగ్ ఫైల్ హ్యాండ్లర్, ప్రతి లైన్‌లో టైం, థ్రెడ్ (ప్రోగ్రామ్‌లో పక్కపక్కనే నడిచే పనుల్లో ఒకటి) పేరు. ప్రోగ్రామ్ ఫైల్స్‌లో మామూలు యూజర్‌కు రాసే అనుమతి ఉండదు కాబట్టి లాగ్‌ను లోకల్ యాప్ డేటాలోకి మళ్ళించాను.

చూస్తే కొన్ని లైన్లు గల్లంతు. చక్కెర, సబ్బు ఇంగ్లిష్‌లో ఉన్నాయి, వాటి లైన్లు పడ్డాయి. తెలుగులో ఉన్న కందిపప్పు, మినప్పప్పు లైన్లే లేవు. ఎన్‌కోడింగ్ (అక్షరాలను ఫైల్‌లో దాచే పద్ధతి) చెప్పకపోతే పైథాన్ ఆ విండోస్‌లో సీపీ1252 వాడుతుంది, అందులో తెలుగు అక్షరాలు లేవు. ఆ ఎర్రర్ చూపించడానికి కన్సోల్ కూడా లేదాయె. అన్ని భాషల అక్షరాలూ పట్టే యూటీఎఫ్-8 అని రాయగానే అన్నీ వచ్చాయి.

ఇంత చేసినా అసలు దొంగ దొరకలేదు. కోడ్‌లో ఎవరూ పట్టుకోని ఎర్రర్లను అందుకునే ఎక్సెప్ట్‌హుక్‌కు పైథాన్ ఎర్రర్లే చిక్కుతాయి. పైక్యూటీ వెనకున్న క్యూటీ లోపల సీ ప్లస్ ప్లస్‌లో కూలితే దానికి తెలియదు. అందుకని, అలా కూలినప్పుడు పైథాన్ ఏ లైన్‌లో ఉందో రాసిపెట్టే ఫాల్ట్‌హ్యాండ్లర్‌ను ఆన్ చేసి, దానికి విడిగా ఒక ఫైల్ తెరిచిపెట్టాను. ఈసారి పడిపోయినప్పుడు అందులో ‘యాక్సెస్ వయొలేషన్’ (ముట్టుకోకూడని మెమరీని ముట్టుకోవడం) అని, కింద ఫైల్ పేరు, లైన్ నంబరు. ఆ లైన్ తెరిస్తే, సీరియల్ పోర్ట్ నుంచి కాటా బరువు చదివే థ్రెడ్ తిన్నగా స్క్రీన్ మీది లేబుల్‌లో సెట్‌టెక్స్ట్ చేస్తోంది, అంటే అక్షరాలు మారుస్తోంది. క్యూటీలో విడ్జెట్‌లను (లేబుల్, బటన్ లాంటివాటిని) మెయిన్ థ్రెడ్ తప్ప ఇంకెవరూ ముట్టుకోకూడదు. ఎప్పుడూ పడిపోతుందని లేదు, అదే తలనొప్పి. నా దగ్గర కాటా లేదు కాబట్టి ఆ థ్రెడ్ అసలు మొదలయ్యేదే కాదు.

బరువును సిగ్నల్‌గా (క్యూటీ చేరవేసే కబురుగా) పంపి, లేబుల్ మార్చే పని మెయిన్ విండోకు అప్పగించాను. లాగ్‌ను అలాగే ఉంచాను. కాకపోతే అందులో కస్టమర్ల ఫోన్ నంబర్లు కూడా పడుతున్నాయి, అవి మాత్రం తీసేశాను. ఏదైనా తేడా వస్తే కొట్టు కుర్రాడు ఆ ఫైల్‌ను వాట్సాప్‌లో పంపుతాడు కదా.