ఐటీఐ అయ్యాక మా వాడి అప్రెంటిస్‌షిప్ – నా అనుభవం

టెన్త్ అయ్యాక పిల్లాడిని ఐటీఐలో వేసి, ఇప్పుడు తర్వాతేంటి అని చూస్తున్న అమ్మానాన్నల కోసం రాస్తున్నా. మాకైతే సరిగ్గా చెప్పేవాళ్ళు దొరకలేదు, చెప్పినవాళ్ళు కూడా తలా ఒకటి చెప్పారు. మాది అనకాపల్లి దగ్గర. మా పెద్దాడు ఫిట్టర్ చేశాడు, రెండేళ్ళ కోర్సు. పాసయ్యాక అచ్యుతాపురం, పరవాడ వైపు ఏ కంపెనీ గేటు దగ్గరకెళ్ళినా "అప్రెంటిస్ అయిందా బాబూ" అనే అడిగేవాళ్ళు. కాలేదంటే కాంట్రాక్టర్ కింద హెల్పర్‌గా రమ్మంటారు. హెల్పర్‌గా వెళ్తే చేతికి డబ్బు కాస్త ఎక్కువే వస్తుంది, అందుకే చాలామంది పిల్లలు అటే పోతారు, కానీ అక్కడ ఎన్నేళ్ళు చేసినా చూపించుకోడానికి ఒక్క కాగితం ఉండదు. అందుకని మేం అప్రెంటిస్ కోసమే పట్టుబట్టాం.

అప్రెంటిస్ అంటే ఉద్యోగం కాదు, కంపెనీలో నెలకింత స్టైపెండ్ తీసుకుంటూ పని నేర్చుకునే ట్రైనింగ్, ఇది మనమూ పిల్లాడూ ఇద్దరం ముందే అనుకోవాలి. 1961 అప్రెంటిసెస్ చట్టం కింద కంపెనీకీ పిల్లాడికీ మధ్య కాంట్రాక్టు రాసుకుంటారు, ఏ ట్రేడు, ఎన్నాళ్ళు, స్టైపెండ్ ఎంత అన్నీ అందులో ఉంటాయి. ట్రైనింగ్ అయ్యాక ఉద్యోగం ఇచ్చి తీరాలన్న రూలు మాత్రం లేదు. స్టైపెండ్ 2019 రూల్స్‌లో ఐటీఐ చేసినవాళ్ళకి నెలకి కనీసం 7000, ఉత్త టెన్త్‌తో చేరేవాళ్ళకి 6000 అని పెట్టారు. పిల్లాడికి 18 నిండకపోతే సంతకం పెట్టాల్సింది మనమే, కాబట్టి చదివి పెట్టండి, పిల్లాడి వైపు నుంచి మధ్యలో వదిలేస్తే ట్రైనింగ్ ఖర్చు కట్టాల్సి రావచ్చు, ఆ మాట చట్టంలోనే ఉంది.

ఇక రిజిస్ట్రేషన్. అప్రెంటిస్‌షిప్ ఇండియా పోర్టల్‌లో పిల్లాడి పేరు మీద ప్రొఫైల్ చేయాలి, ఆధార్‌తో చూస్తారు. మన తెలుగు పిల్లలందరికీ వచ్చే తంటా ఇక్కడే వస్తుంది, టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరం ఉంటుంది, ఐటీఐ సర్టిఫికెట్‌లో ఇంటిపేరు చివర్న ఉంటుంది. మూడు కాగితాల్లో ముగ్గురు పిల్లలున్నట్టు ఉంటుంది. మేం టెన్త్ మెమోనే ప్రూఫ్‌గా చూపించి ఆధార్‌ని దాని ప్రకారం మార్పించాం, పుట్టినతేదీ కూడా చూసుకోండి. ఆధార్‌కి ఏ ఫోన్ నంబర్ ఉందో చూసుకోండి, ఓటీపీ దానికే వస్తుంది, చాలా ఇళ్ళల్లో అది ఎప్పుడో పోయిన సిమ్ అయ్యుంటుంది. బ్యాంకు అకౌంట్ పిల్లాడి పేరు మీదే ఉండాలి, ఆధార్ లింక్ అయ్యుండాలి. నాప్స్ అని అప్రెంటిస్ పిల్లల కోసం కేంద్రం పెట్టిన స్కీమ్ కింద స్టైపెండ్‌లో 25 శాతం, అంటే నెలకి 1500 దాకా కేంద్రం వాటా ఉంటుంది, అది నేరుగా పిల్లాడి అకౌంట్‌లోనే పడుతుంది. ఈ పనులన్నీ ఐటీఐ ఆఖరి సంవత్సరంలోనే చేసేసుకుంటే నోటిఫికేషన్ పడ్డప్పుడు పరుగులు ఉండవు.

మొదట రైల్వేకి పెట్టాం. మేం పెట్టినప్పుడు దక్షిణ మధ్య రైల్వే వాళ్ళకి లాలాగూడ, గుంటుపల్లి, తిరుపతి వర్క్‌షాపులు ఉండేవి. అందులో రాతపరీక్ష ఉండదు, టెన్త్ మార్కులు ఐటీఐ మార్కులు కలిపి సగటు తీసి మెరిట్ లిస్ట్ వేస్తారు, అంతే. టెన్త్‌లో కనీసం 50 శాతం ఉండాలి. ఇది బాగా గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే నోటిఫికేషన్ పడగానే "రైల్వేలో నాకు మనుషులున్నారు, ఇంత ఇస్తే సీటు ఇప్పిస్తా" అని ఒకాయన మా వీధిలోకే వచ్చాడు. మార్కులు కలిపి లిస్ట్ వేసేదాంట్లో ఎవరైనా ఏం ఇప్పిస్తారు? మా ఆయన మొహమాటం లేకుండా పంపించేశారు. మా వాడికి టెన్త్ మార్కులు తక్కువ, లిస్ట్‌లో రాలేదు. వచ్చే మార్కులుంటే మాత్రం రైల్వే వదలొద్దు, రైల్వేలో అప్రెంటిస్ పూర్తిచేసినవాళ్ళకి తర్వాత లెవెల్-1 పోస్టుల్లో, అంటే రైల్వేలో అన్నిటికన్నా మొదటి మెట్టు ఉద్యోగాల్లో, 20 శాతం పక్కన పెడుతున్నారు. బయట చేసినవాళ్ళకి ఆ కోటా రాదు.

తర్వాత విశాఖ నేవల్ డాక్‌యార్డ్, అంటే నేవీ ఓడలు బాగుచేసే చోటు, వాళ్ళ అప్రెంటిస్ స్కూల్‌కి పెట్టాం. దీనికి రాతపరీక్ష ఉంటుంది, లెక్కలు, సైన్సు, జీకే. ఆ తర్వాత ఇంటర్వ్యూ, మెడికల్. ఐటీఐలో 65 శాతం అడుగుతారు. ఇక్కడ బీసీ పిల్లల తల్లిదండ్రులకి ఒక మాట చెప్పాలి. మన ఊరి సచివాలయంలో ఇచ్చే మామూలు బీసీ సర్టిఫికెట్ కేంద్ర సంస్థలకి పనికిరాదు, కేంద్రం ఫార్మాట్‌లో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ వేరే తీసుకోవాలి, పైగా రాష్ట్రంలో బీసీ అయిన ప్రతి కులమూ కేంద్రం లిస్ట్‌లో ఉండదు, ముందు అది చూసుకోవాలి. మాకు ఆ సర్టిఫికెట్ చేతికొచ్చింది ఆఖరి తేదీ దగ్గర పడ్డాకే. పరీక్ష రాశాడు, కొద్దిలో పోయింది. రెండ్రోజులు అన్నం సరిగ్గా తినలేదు వాడు, నాకు చాలా బాధేసింది. కానీ ఆ పరీక్షకి చదివింది తర్వాత వాడికి బాగా పనికొచ్చింది.

అప్పుడు ప్రైవేటు చూశాం. గవర్నమెంట్ ఐటీఐల్లో అప్రెంటిస్‌షిప్ మేళాలు పెడతారు, కంపెనీల వాళ్ళు అక్కడికే వస్తారు, ఐదారు జిరాక్స్ సెట్లు, ఫొటోలు పట్టుకెళ్ళాలి. అక్కడ ఒక కంపెనీ మనిషి వాడిని చూసి "రేపటి నుంచి వచ్చేయ్, పోర్టల్ సంగతి తర్వాత చూద్దాం" అన్నాడు. నేను పక్కనే ఉన్నా. "కాంట్రాక్టు పోర్టల్‌లో ఎప్పుడు వేస్తారు సార్, రిజిస్ట్రేషన్ నంబర్ ఎప్పుడొస్తుంది" అని అడిగా. "అవన్నీ మీకెందుకమ్మా, నెల నెలా డబ్బులొస్తాయి కదా" అన్నాడు. మేం లేచి వచ్చేశాం. నేను ఈ మొత్తం రాసేది ఈ ఒక్క మాట కోసమే అనుకోండి, పోర్టల్‌లో కాంట్రాక్టు లేకపోతే ఎన్ని నెలలు చేసినా అది అప్రెంటిస్ కాదు, చివర్న పరీక్షకి కూర్చోనివ్వరు, సర్టిఫికెట్ రాదు. ట్రైనీ అని ఐడీ కార్డు వేసినంత మాత్రాన ఏమీ లేదు. మా వాడి క్లాస్‌మేట్ ఒకడు అలాగే ఏడాది పైన చేసి, ఇప్పుడు మళ్ళీ మొదట్నుంచి వెతుక్కుంటున్నాడు, బంగారం లాంటి పిల్లాడు.

మేం చేర్చింది అచ్యుతాపురం వైపు ఇంకో ఫ్యాక్టరీలో, మెయింటెనెన్స్ సెక్షన్. ఫిట్టర్ ఐటీఐ వాళ్ళకి అక్కడ ఒక సంవత్సరం. మొదటి నెలల్లో ఇంటికొచ్చి "అమ్మా, స్పానర్లు అందివ్వడమే, ఏం నేర్పట్లేదు" అనేవాడు. ఐటీఐలో రెండేళ్ళు ఇనప ముక్కని ఫైలుతో అరగదీసి మూలమట్టం పెట్టి చూసుకోవడం నేర్పారు, ఇక్కడ ఆగకుండా తిరిగే పంపులు. నెమ్మదిగా ఒక సీనియర్ ఫిట్టరుగారు వాడిని పక్కన పెట్టుకున్నారు. పంపు గ్లాండ్, అంటే షాఫ్ట్ బయటికొచ్చే చోట, నీళ్ళు కారుతుంటే పాత ప్యాకింగ్ లాగేసి కొత్త రింగులు కోసి, ఒక రింగు అతుకు ఇంకో రింగు అతుకు మీదకి రాకుండా తిప్పి వేయడం, నట్లు ఒకేసారి బిగించేయకుండా రెండు వైపులా కొంచెం కొంచెంగా బిగించడం. తర్వాత మోటారుకీ పంపుకీ డయల్ గేజ్ పెట్టి అలైన్‌మెంట్, అంటే రెండిటి షాఫ్టులూ ఒకే వరసలో ఉన్నాయా లేదా, చూడటం. ఒకరోజు రాత్రి భోంచేస్తూ చెంచాలు రెండు ఎదురెదురు పెట్టి వాళ్ళ నాన్నకి అలైన్‌మెంట్ ఎలా తప్పుతుందో చెప్పాడు, ఆపకుండా చెప్పాడు. పుస్తకం ముందు కుదురుగా కూర్చోవడమే తెలియని పిల్లాడు.

ఓవర్‌టైమ్ విషయం కూడా చెప్పాలి. మనుషులు తక్కువైనప్పుడు అప్రెంటిస్ పిల్లల్ని ఉండిపొమ్మంటుంటారు. అప్రెంటిస్‌షిప్ అడ్వైజర్ అని గవర్నమెంట్ అధికారి ఉంటారు, ఆయన అనుమతి లేకుండా అప్రెంటిస్‌కి ఓవర్‌టైమ్ వేయకూడదని చట్టంలో ఉంది. మా ఆయన వెళ్ళి సూపర్‌వైజర్‌గారికి గొడవేమీ లేకుండా మర్యాదగానే చెప్పొచ్చారు, తర్వాత టైముకే పంపించారు. సేఫ్టీ షూ, హెల్మెట్ ఇచ్చారా లేదా అని మొదటి వారంలోనే పిల్లాడిని అడగండి, వాళ్ళంతట వాళ్ళు చెప్పరు.

సంవత్సరం అయ్యాక ఆలిండియా ట్రేడ్ టెస్ట్ ఉంటుంది, అది పాసైతే నేషనల్ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్, అందరూ ఎన్‌ఏసీ అంటారు. ట్రైనింగ్ అయిపోగానే పిల్లలు ఊళ్ళు వెళ్ళిపోయి ఈ పరీక్ష సంగతి వదిలేస్తారు, దయచేసి అలా వదలనివ్వకండి. హాల్‌టికెట్ వచ్చేదాకా కంపెనీ హెచ్‌ఆర్‌ని అడుగుతూనే ఉండండి. మా వాడు పాసయ్యాడు. చేసిన కంపెనీలో ఖాళీ లేదన్నారు, పరవాడలో ఇంకోచోట ఎన్‌ఏసీ చూసి ఫిట్టర్‌గా తీసుకున్నారు, హెల్పర్‌గా కాదు. డ్యూటీ చేస్తూనే రైల్వే లెవెల్-1కి చదువుతున్నాడు, కోటా రాకపోయినా జనరల్‌గా రాసుకోవచ్చు.

ఇప్పుడు మా తోటికోడలు కూతురు టెన్త్ పాసైంది, ఐటీఐ లేకుండా నేరుగా అప్రెంటిస్‌గా చేర్చొచ్చా అని తోటికోడలు అడుగుతోంది. చేర్చొచ్చు, 14 ఏళ్ళు నిండితే చాలు, ప్రమాదకరమైన పనులకైతే 18 ఉండాలి, కాకపోతే ముందు బేసిక్ ట్రైనింగ్ చేయాలి కాబట్టి ఎక్కువ కాలం పడుతుంది. మా దగ్గర కంపెనీలు ఐటీఐ వాళ్ళనే ముందు తీసుకుంటున్నాయి, అందుకే ముందు ఎలక్ట్రీషియన్‌లో వేయమన్నా. అమ్మాయికి కూడా అదే ఇష్టం. ఈ వారం ఇద్దరం కలిసి ఆధార్ సెంటర్‌కి వెళ్తున్నాం.