హార్లిక్స్ సీసాలో దోమలు

మన స్కూలు బ్యాచ్ మళ్లీ కలిసే రోజు కోసం వేస్తున్న సంచికకి ఒక పేజీ రాసివ్వమని కమిటీ తరఫున బుడమేరు (మనవాడి ముద్దుపేరు) ఫోన్ చేశాడు. "ఫేర్‌వెల్ గురించి, హంసలదీవి పిక్నిక్ గురించి ఇప్పటికే ఆరుగురు రాశారు. నువ్వు ఇంకేదైనా రాయి" అన్నాడు. ఇంకేదైనా అంటే నాకు గుర్తొచ్చేది ఒక్కటే: తొమ్మిదో తరగతి, 2013 వానాకాలం, కంప్యూటర్‌లో మనం చేసిన దోమల ఆట.

కంప్యూటర్ ల్యాబ్ ఎలా ఉండేదో మీకు చెప్పక్కర్లేదు. కిటికీ పక్కన నాలుగో సిస్టమ్ కోసం మన లడ్డూ, కాటా ఇద్దరూ కొట్టుకున్న రోజు అందరం అక్కడే ఉన్నాం. మేడం మనకి స్క్రాచ్, అంటే బ్లాకులు పేర్చి ఆటలు తయారుచేసే ప్రోగ్రామ్, నేర్పుతున్న రోజులవి. ఎంఐటీ వాళ్లు పిల్లల కోసం తయారుచేసి 2007లో అందరికీ ఉచితంగా ఇచ్చారని బోర్డు మీద రాసి, దాంట్లో ఉండే నారింజ రంగు పిల్లిని నడిపించి చూపించారు. 2013 మే నెలలోనే దాని 2.0 వెర్షన్ వచ్చింది కానీ అది నెట్‌లో పనిచేసేది. మన సిస్టమ్‌లకి నెట్ లేదు, అందుకని పాత 1.4తోనే చేశాం. కొత్తదాంట్లో క్లోన్ బ్లాకు ఉంది, ఒక్క దోమను చేస్తే చాలు, కావలసినన్ని పుడతాయి. మనకి ఆ బ్లాకు లేదు. ఇరవై నాలుగు దోమల్ని ఒక్కొక్కటిగా కాపీ చేశాం. ఒకదాంట్లో తప్పు దొరికితే ఇరవై నాలుగింటిలోనూ దిద్దాలి. లంచ్ బెల్ కొట్టినా కదలకుండా దిద్దిన ఘనత మూడో బెంచీది.

సైన్స్ ఫెయిర్‌కి ఆరోగ్యం మీద ఆట చేద్దామని అనుకున్నాం కదా. పచ్చజెండా నొక్కగానే చీకటి పడుతుంది, మురిక్కాలవలోంచి దోమలు లేస్తాయి, మౌస్‌తో కరెంటు బ్యాటు తిప్పాలి. దోమకి తగిలితే పది పాయింట్లు. మనకైతే అద్భుతంగా అనిపించింది. బయాలజీ మాస్టారిని పిలుచుకొచ్చాం.

ఆయన మౌస్ ముట్టుకోలేదు. చేతులు కట్టుకుని రెండు ఆటలు చూశారు.

"ఇవి ఏ దోమలు?"

"డెంగీ దోమలండీ."

"మరి మురిక్కాలవలోంచి ఎందుకొస్తున్నాయి? రాత్రిపూట ఎందుకు కుడుతున్నాయి?"

ఎవరమూ మాట్లాడలేదు. అప్పుడు అడిగారు, "ఈ ఆట ఆడిన పిల్లాడు ఇంటికెళ్లి ఏం చేస్తాడు?"

"దోమల్ని కొడతాడండీ" అన్నాడు కాటా.

"ఎన్నని కొడతాడు?"

సోమవారం ఆయన ఒక హార్లిక్స్ సీసా తెచ్చారు. మూతికి దోమతెర గుడ్డ, చుట్టూ రబ్బరు బ్యాండు. లోపల నీళ్లు తేటగా ఉన్నాయి, లార్వాలు మెలికలు తిరుగుతున్నాయి. "మా ఇంట్లో కూలర్‌లో దొరికాయి" అన్నారు. సైన్సు చెప్పే మాస్టారు తన ఇంట్లోనే దొరికాయని మన ముందు చెప్పడం నాకు అప్పుడు వింతగా తోచింది. ఇప్పుడైతే ఆ మాటకే ఆయన్ని ఎక్కువగా గౌరవిస్తాను. సీసాని ల్యాబ్ కిటికీలో పెట్టి రోజూ చూశాం. వారం తిరిగేసరికి గుడ్డ కింద దోమలు ఎగురుతున్నాయి, కాళ్ల మీద తెల్లటి చారలతో.

ఆ ఆదివారం ఆటోనగర్ తీసుకెళ్లారు. పాత టైర్ల గుట్టల మధ్య టార్చి పట్టుకుని తిరిగాం. టైరు లోపల నిలిచిన వాన నీటి మీద మన నీడ పడగానే లార్వాలన్నీ ఒక్కసారిగా అడుక్కి దిగిపోవడం మీలో ఎంతమందికి గుర్తుంది?

తిరిగొచ్చి ఆట మొత్తం మార్చేశాం. ఇప్పుడు తెర మీద పగలు. ఒక ఇల్లు, ఒక కూలర్, పూలకుండీ కింద పళ్లెం, పెరట్లో కొబ్బరి చిప్ప, మేడ మీద టైరు, మూతలేని తొట్టి. ఒక సెకను ఒక రోజు. నీళ్లు ఎనిమిది సెకన్లు కదలకుండా ఉంటే దోమలు లేస్తాయి. దోమను కొడితే సున్నా, నీళ్లు పారబోస్తేనే పాయింట్లు. దోమ కుడితే జ్వరం, అది తగ్గితే గెలిచినట్టు. మాస్టారు అదీ చూసి, గుడ్లు గిన్నె అంచుకి అతుక్కుని ఉంటాయని, ఎండినా నెలల తరబడి బతికి మళ్లీ తడి తగలగానే పొదుగుతాయని చెప్పారు. దాంతో లడ్డూ ఒక పీచు బొమ్మ గీశాడు. పారబోసి, పీచుతో రుద్దితేనే ఆ గిన్నె పూర్తయినట్టు.

అక్టోబరులో బుడమేరుకే డెంగీ వచ్చింది. నాలుగో రోజు జ్వరం తగ్గగానే వాళ్లమ్మగారు ఇంటికి తీసుకెళ్లిపోతామన్నారు. డాక్టరు గారు పంపలేదు. అసలు ప్రమాదం జ్వరం తగ్గేటప్పుడేనని చెప్పి ఉంచేశారు. మేం చూడ్డానికి వెళ్తే మంచం మీంచి వాడన్న మొదటి మాట: "ఒరేయ్, జ్వరం తగ్గితే గెలిచినట్టు పెట్టాం కదా, అది తప్పు. మార్చండి." మార్చాం. జ్వరం సున్నాకి వచ్చాక ఇంకో రెండు సెకన్లు ఆట నడుస్తుంది. కడుపునొప్పి, వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, ఏది కనిపించినా ఆసుపత్రి బొమ్మ నొక్కాలి. ఆ భాగం వాడే రాశాడు.

ఫెయిర్‌లో ఏ ప్రైజు వచ్చిందో ఫొటోలో ఉంది. నాకు గుర్తున్నది ఆరో తరగతి పాప. రెండుసార్లు దోమల వెంటే పడి ఓడిపోయింది. మూడోసారి మౌస్ వదిలేసి తెర వంక చూస్తూ కూర్చుంది. తర్వాత నేరుగా కూలర్ దగ్గరికి వెళ్లింది.

ఇంటర్ సంగతి వదిలేస్తాను. ఎంబీబీఎస్ అయ్యాక అందరూ ఏం తీసుకుంటావని అడిగితే కమ్యూనిటీ మెడిసిన్ (ఒక్క రోగికి కాదు, ఊరందరి ఆరోగ్యానికి సంబంధించిన వైద్యం) అన్నాను. ఇంట్లో కొన్నాళ్లు మౌనం. ఇప్పుడు గుంటూరులో పీజీ చేస్తున్నాను. ఊళ్లలో ఆశా అక్కలతో కలిసి ఇంటింటికీ తిరిగి తొట్లలో టార్చి వేస్తాను. నూరిళ్లు చూస్తే ఎన్నింట్లో లార్వా ఉందో దాన్ని హౌస్ ఇండెక్స్ అంటారు. ఆ లెక్క రాసే ప్రతిసారీ ఆటోనగర్ గుర్తొస్తుంది. నేను కోరుకున్న పని చేస్తున్నాను. ఇంట్లో వాళ్లు కూడా ఇప్పుడు అదే మాట గర్వంగా చెబుతారు.

కిందటేడు మేం వెళ్లే ఒక ఊరి హైస్కూల్లో ఎనిమిదో తరగతి వాళ్లతో ఈ ఆట మళ్లీ చేయించాను, కొత్త స్క్రాచ్‌లో. ఒక్కటే దోమ, మిగతావన్నీ క్లోన్లు. ఒక పిల్లాడు తొట్టికి మూత పెట్టే బ్లాకులు సొంతంగా చేర్చాడు. మనకి తట్టలేదు అది.

మన పాత ఫైలు నా పెన్‌డ్రైవ్‌లో భద్రంగా ఉంది. కొత్త స్క్రాచ్‌లోనూ తెరుచుకుంది. ఇరవై నాలుగు దోమలూ వచ్చాయి, కాటా నోటితో చేసిన 'జుయ్' చప్పుడుతో సహా. కలిసే రోజున లాప్‌టాప్ తెస్తాను. మాస్టారికి ముందు వరసలో కుర్చీ వేయండి. ఈసారి మౌస్ ఆయన చేతికే ఇస్తాను.