చెరువున్న ఊళ్లో క్యాన్ నీళ్లు

"మీ దేశపోళ్ల టైట్రేషన్‌కు వంక పెట్టలేం. కానీ నీళ్లు ఎక్కడివో ఒక్కరూ అడగరు." అమెరికాలోని ఒహాయోలో, నీళ్లు పరీక్షించే మా ల్యాబ్ మేనేజర్ అన్న మాట ఇది. టైట్రేషన్ అంటే గాఢత తెలిసిన ద్రావణాన్ని చుక్కచుక్కగా కలిపి, ఎంత పట్టిందో చూసి లెక్క కట్టడం. వరంగల్‌లో చదివి వచ్చినవాళ్లకు చివుక్కుమనదా మరి?

మన కెమిస్ట్రీ ప్రాక్టికల్స్ సంగతి తెలిసిందే. అటెండర్ క్యాన్‌లో నీళ్లు తెచ్చి పెడతాడు, సీనియర్ల రికార్డు పక్కనే ఉంటుంది. ఇక్కడ ఒహాయోలో సెమిస్టరంతా ఒకే వాగు మీద పని. సీసా మీద చోటు, టైం, నీటి ఉష్ణోగ్రత రాయకపోతే రిజల్ట్ పక్కన పడేస్తారు.

నీళ్లలో కరిగిన ఆక్సిజన్‌ను కొలిచే దగ్గర ఈ పట్టింపు ఉండాల్సిందే. క్యాన్ కుదుపులకు గాలి కలిసి రీడింగ్ మారుతుంది. కదపకుండా ఉంచినా సూక్ష్మజీవులు ఆక్సిజన్‌ను తింటూనే ఉంటాయి. అందుకే గట్టు మీదే ఫిక్స్ చేయాలి, అంటే ఆక్సిజన్ ఇక మారకుండా మందులతో కట్టేయాలి. 300 మి.లీ. బీఓడీ సీసాను (బీఓడీ అంటే నీళ్లలోని సూక్ష్మజీవులు వాడుకునే ఆక్సిజన్ కొలత) బుడగ లేకుండా నింపి, పిపెట్ మొన నీళ్లలో ముంచి మాంగనస్ సల్ఫేట్ 1 మి.లీ., ఆల్కలీ అయొడైడ్ అజైడ్ 1 మి.లీ. వదలాలి. మూత పెట్టి తలకిందులు చేస్తే గోధుమరంగు మడ్డి వస్తుంది. తెల్లగానే ఉంటే ఆక్సిజన్ లేనట్టే. మడ్డి సగానికి దిగాక గాఢ సల్ఫ్యూరిక్ యాసిడ్ 1 మి.లీ. పోస్తే ఆక్సిజన్‌కు తగ్గ అయొడిన్ విడుదలవుతుంది, ఇక ల్యాబ్‌కు తీసుకుపోవచ్చు. అందులో 201 మి.లీ.ను 0.025 నార్మల్ థయోసల్ఫేట్‌తో టైట్రేట్ చేస్తే, ఖర్చయిన ప్రతి మి.లీ.కి లీటరుకు 1 మి.గ్రా. ఆక్సిజన్. అయొడిన్‌తో నీలం రంగు చూపే స్టార్చ్‌ను లేత ఎండుగడ్డి రంగు వచ్చాకే వేయాలి. ముందే వేస్తే అయొడిన్‌ను పట్టుకుని వదలదు, టైట్రేషన్ ఆపాల్సిన ఎండ్ పాయింట్ దాటిపోతుంది.

ఇదంతా మనోళ్లకు కంఠతా వచ్చు. ఇక్కడి పిల్లలు ప్రోబ్ (ఆక్సిజన్ కొలిచే మీటరు కడ్డీ) ముంచి అంకె చదువుతారు, అంతే! బీఓడీ అంటే సీసాను 20 డిగ్రీల్లో 5 రోజులు ఉంచి కొలవడమే అనుకుంటారు. ఆ 5 రోజుల లెక్క 1912 నాటి బ్రిటిష్ రాయల్ కమిషన్‌ది. నీటి పరీక్షలకు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 3025 చెప్పే 27 డిగ్రీలు, 3 రోజులే మన ఎండకు సరిపోతాయి.

అయినా భద్రకాళి, వడ్డేపల్లి చెరువులున్న ఊళ్లో క్యాన్ నీళ్లేంది? నాచు పట్టిన చెరువులో తెల్లారుజామున ఆక్సిజన్ బాగా పడిపోతుంది. 30 డిగ్రీల నీళ్లలో సాచురేషన్, అంటే గాలి నుంచి నీళ్లు పట్టుకోగల ఆక్సిజన్ హద్దు, లీటరుకు 7.6 మి.గ్రా. దగ్గర; మధ్యాహ్నం ఎండకు నాచు ఆక్సిజన్ వదలడంతో రీడింగ్ దాన్నీ దాటొచ్చు. ఒకే చోట రెండు జట్లు రెండు పూటలా తీస్తే చాలు, ప్రాజెక్టుకు సరిపడా ప్రశ్నలు వాటంతటవే వస్తాయి. ప్రోబ్ కొననక్కర్లేదు, ఉన్న సీసాలు, తడికి చెరగని మార్కర్ చాలు. అడ్డమల్లా టైంటేబులే: ల్యాబ్ పీరియడ్ మధ్యాహ్నం వేస్తారు, పొద్దున అయిదింటికి కాలేజీ బస్సు ఎవరిస్తారు?